నిద్రపోతున్న చేను

చేను చచ్చిందని ఏ ఊరినుంచి కబురొచ్చినా అక్కడున్న రాజుగారి ధాన్యపు కొట్లు తెరవాలన్నది ఆ రాజ్యంలో ఆనవాయితీ. అది గిట్టని మంత్రి ఒక చాటింపు వేయించాడు. ఇకమీద చేను చచ్చిందని ఎవరూ అనకూడదు, నిద్రపోతోందనే అనాలి. కాదన్నవాడి నాలుక కోస్తారు.

చేలు నిద్రపోవడమేమిటో చూద్దామని రాజు ముచ్చటపడి, మంత్రిని వెంటబెట్టుకుని బయలుదేరాడు.

మిట్టమధ్యాహ్నం వాళ్లు చేరిన ఊళ్లో చప్పుడన్నదే లేదు. ఎద్దుల మెడలో గంటలకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. ఎదురైన మనుషులు మునివేళ్ల మీద నడుస్తూ, నోటి మీద వేలేసుకుని పక్కకు తప్పుకున్నారు. ఊరి చివర బూడిదరంగుకు తిరిగిన జొన్నచేను గట్టున ఓబులమ్మ అనే రైతు కూర్చుని సన్నగా జోలపాట పాడుతోంది. గాలి లేకపోయినా ఎండుటాకులు గలగలమన్నాయి.

"ఎవరికమ్మా ఆ జోల?" అని రాజు అరిచినట్టే అడిగాడు.

"మెల్లగా దొరా, చేను లేస్తుంది," అంది ఓబులమ్మ.

"పిచ్చిదానా, ఈ చేను ఎప్పుడో చచ్చింది!"

ఓబులమ్మ పాట ఆపి లేచి నిలబడింది. "ఆ మాట మా నోటితో అనలేకే ఏలినవారి నోట అనిపించాను. తిండిలేక రేపోమాపో మేమూ పడిపోతాం. అప్పుడు ఊరంతా హాయిగా నిద్రపోతోందని మీకు కబురొస్తుంది."

రాజు మంత్రివైపు తిరిగాడు. మంత్రి నోటి మీద వేలేసుకుని ఉన్నాడు.

ఆ సాయంత్రం ధాన్యపు కొట్ల తలుపులు కిర్రుమన్నాయి. ఎన్నాళ్లకో ఆ ఊరు విన్న మొదటి చప్పుడు అదే.