జేబులోని బ్యాటరీ

సోమవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, మనిషి చెప్పులు చూసి కొనేవాడో కాదో తేల్చేసే చక్రధర్, కాకినాడ మెయిన్ రోడ్డులో తాను పనిచేసే కెమెరా షాపులో అద్దాల బీరువా తుడుస్తున్నాడు.

ఆ షాపులో అతను తొమ్మిదేళ్లుగా ఉన్నాడు. లెన్సుల గురించి అతనికి తెలిసినంత ఆ వీధిలో ఎవరికీ తెలియదు. కానీ ఆ తెలివిని అందరి మీదా ఖర్చు పెట్టేవాడు కాదు. అరిగిన చెప్పులతో, గుడ్డసంచితో వచ్చినవాళ్లు ఖరీదైన కెమెరా చూపించమంటే, వాళ్లకు కనబడకుండా దాని బ్యాటరీ తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. "బ్యాటరీ ఛార్జింగ్‌లో ఉందండీ, సాయంత్రం రండి," అనేవాడు. సాయంత్రం ఎవరూ వచ్చేవారు కాదు. ఊరికే చూసిపోయేవాళ్లతో వేగే బాధ తప్పిందని అతను సంతోషించేవాడు.

ఆ రోజు మొదట వచ్చినాయన పేరు వెంకటరత్నం. డెబ్బై ఏళ్లు ఉంటాయి. నల్లకళ్లజోడు, ఇస్త్రీ లేని తెల్లచొక్కా, చంకలో గుడ్డసంచి. షాపుకు ఎవరొచ్చినా పేరు, ఊరు, ఫోను నంబరు రాసే పుస్తకం ఒకటి బల్ల మీద ఉంటుంది. దాన్ని బిల్లులు రాసే మంగతాయారు ఆయన ముందుకు జరిపింది. ఆయన పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుని, సామర్లకోట అని పెద్ద అక్షరాలతో రాశాడు.

"బాబూ, అద్దం లేని కొత్తరకం కెమెరాలు వచ్చాయటగా. వాటిలో పెద్దది ఒకసారి చూపిస్తావా?" అని అడిగాడు.

చక్రధర్ ముందు ఆయన చెప్పులు చూశాడు. తరువాత బీరువా తెరిచి, వెనక్కి తిరిగి, కెమెరా అడుగున మూత తీశాడు. బ్యాటరీ జేబులో పడింది.

"చూపిస్తాను గానీ మాస్టారూ, బ్యాటరీ ఛార్జింగ్‌లో ఉంది. సాయంత్రం వస్తే బాగుంటుంది."

"బ్యాటరీ లేకపోతేనేం బాబూ, నేను ఫొటో తియ్యను. కన్ను పెట్టి చూస్తే చాలు." ఆయన కళ్లజోడు తీశాడు. "సామర్లకోటలో నలభై ఏళ్లుగా నాకు స్టూడియో ఉంది. ఈ కుడి కంటితోనే పనంతా చేశాను. మూడు వారాల కిందట దీనికి శుక్లం ఆపరేషన్ చేశారు. ఎడమది మొన్నటి దాకా కాస్త నయం, ఇప్పుడు దాంట్లో అంతా పాలమీగడే. దానికి ఈ గురువారం చేస్తారు."

"ఇప్పుడు కనిపిస్తోందా మరి?"

"నువ్వు కనిపిస్తున్నావు, రోడ్డు మీద ఆటోలు కనిపిస్తున్నాయి. అది వేరు, కెమెరాలోంచి చూసే చూపు వేరు. మా దగ్గర పని నేర్చుకున్నవాడొకడు, ఈ కెమెరాలో బొమ్మ పెద్దగా, తేటగా కనిపిస్తుంది, ముసలికళ్లకు హాయిగా ఉంటుంది అన్నాడు. కనిపిస్తే ఇదే తీసుకుని మళ్లీ పని మొదలుపెడతాను. కనిపించకపోతే..." ఆయన నవ్వాడు. "కనిపించకపోతే మా అమ్మాయి చెప్పినట్టు ఇంట్లో కూర్చుని పప్పు తింటాను."

పాత కెమెరాల్లో లోపల అద్దం ఉంటుంది. బ్యాటరీ లేకపోయినా, కన్ను పెడితే ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది. వెంకటరత్నం జీవితమంతా అలాంటివే వాడాడు. ఈ కొత్తరకంలో కన్ను పెట్టేచోట ఉండేది ఒక బుల్లి తెర. బ్యాటరీ లేకపోతే అందులో చీకటి తప్ప మరేమీ ఉండదు. ఈ సంగతి వెంకటరత్నానికి తెలియదు. చక్రధర్‌కు బాగా తెలుసు.

తెలిసీ, కెమెరా ఆయన చేతికిచ్చాడు.

ఆయన దాన్ని పట్టుకున్న తీరు చూస్తే ఎవరికైనా తెలిసేది, అది పని తెలిసిన చెయ్యి అని. ఎడమ అరచెయ్యి లెన్సు కిందికి తనంత తానే వెళ్లింది. కుడి కన్ను పెట్టాడు. కొంచెంసేపు కదల్లేదు. వెలుగు కోసం వీధి వైపు తిరిగాడు. కన్ను తీసి, చేతిరుమాలుతో ఒత్తుకుని, మళ్లీ పెట్టాడు.

"ఏం కనిపించట్లేదేమిటి బాబూ? అంతా నల్లగా ఉంది."

ఒక్క మాట చెబితే అయిపోయేది. జేబులో చెయ్యి పెడితే అయిపోయేది. కానీ అప్పుడే ఖరీదైన మోటారుసైకిలు ఒకటి షాపు ముందు ఆగింది. దాని మీంచి ఇద్దరు కుర్రాళ్లు దిగారు. వాళ్ల బూట్లు చక్రధర్‌కు దూరం నుంచే నచ్చాయి.

"అందరికీ బాగానే కనిపిస్తుంది మాస్టారూ," అన్నాడు చక్రధర్, కెమెరా వెనక్కి తీసుకుంటూ. "ముందు ఆ కన్ను సంగతేదో చూపించుకోండి. కెమెరా ఎక్కడికీ పారిపోదు." అని తానే నవ్వాడు.

వెంకటరత్నం నవ్వలేదు. కోప్పడనూ లేదు. "అంతేనంటావా," అన్నాడు. కళ్లజోడు పెట్టుకుని, గుడ్డసంచి సర్దుకున్నాడు. వచ్చేటప్పుడు చకచకా ఎక్కిన రెండు మెట్లనూ, వెళ్లేటప్పుడు గోడ పట్టుకుని దిగాడు.

కుర్రాళ్లు లోపలికి వచ్చి అదే కెమెరా అడిగారు. చక్రధర్ జేబులోంచి బ్యాటరీ తీసి అందులో పెట్టాడు. బుల్లి తెర వెలిగింది. వాళ్లు ముప్పావుగంట సేపు ఒకరినొకరు ఫొటోలు తీసుకున్నారు. చక్రధర్ తెప్పించిన కూల్‌డ్రింకులు తాగారు. "ఓకే అన్నా, ఆన్‌లైన్‌లో రేటు చూసుకుంటాం," అని వెళ్లిపోయారు.

మంగతాయారు కలం కింద పెట్టింది.

"ఏరా చక్రం, ఆ బ్యాటరీ ఛార్జింగ్‌లో ఉందన్నావుగా?"

"అది... ఇందాక అయిపోయింది పిన్నిగారూ."

"నీ జేబులోంచి తీశావు. నేను చూశాను. నీ జేబులో ప్లగ్గు కూడా ఉంటుందా?"

చక్రధర్ గుడ్డ తీసుకుని మళ్లీ బీరువా తుడవసాగాడు.

"అది లేకపోతే లోపల ఏమీ కనబడదని నాకే తెలుసు. పాపం ఆయన తన కన్నే పోయిందనుకుని వెళ్లాడురా."

"ఏదో సరదాకి అన్నాను."

"సరదా అయితే ఇద్దరూ నవ్వాలి. నువ్వొక్కడివే నవ్వావు." ఆమె పుస్తకం తెరిచి, సామర్లకోట అని ఉన్న పేజీ అతని ముందుకు తోసింది. "ఇదిగో నంబరు. ఫోను చెయ్యి."

"భోజనం చేసొచ్చి చేస్తాను," అన్నాడు చక్రధర్.

భోజనం చేశాడు గానీ ఫోను చెయ్యలేదు. మంగళవారం కొత్త సరుకు వచ్చింది. బుధవారం ఓనరు ఊళ్లో ఉన్నాడు. నిజానికి అడ్డం వచ్చింది సరుకూ కాదు, ఓనరూ కాదు. మొదటి వాక్యం దొరకలేదు. స్నానం చేస్తూ, బండి నడుపుతూ, రకరకాలుగా అనుకుని చూశాడు. "మా కెమెరాలో చిన్న లోపం ఉందండీ" అని ఒకటి. "పొరపాటున బ్యాటరీ పెట్టడం మరిచాం" అని ఒకటి. ఏ వాక్యం తయారుచేసుకున్నా అందులో తప్పు మరెవరిదో అయ్యేది. తన తప్పు ఉన్న వాక్యం మాత్రం గొంతు దాటి రాలేదు. ఆ మూడు రోజులూ ఎవరైనా కెమెరాకు కన్ను ఆనిస్తే చక్రధర్ మొహం పక్కకు తిప్పుకునేవాడు. గురువారం కూడా అలాగే గడిచిపోయింది.

శనివారం పొద్దున మంగతాయారు ఏమీ అనకుండా పుస్తకం మళ్లీ అదే పేజీకి తెరిచి పెట్టింది. చక్రధర్ షాపు వెనక గోడౌనులోకి వెళ్లి ఫోను చేశాడు.

ఒక ఆడగొంతు పలికింది. వెంకటరత్నం కూతురు ఇందుమతి.

"కాకినాడ కెమెరా షాపు నుంచండీ. సోమవారం మీ నాన్నగారు వచ్చారు. ఆ రోజు పొరపాటున... మా వాళ్లు కెమెరాలో బ్యాటరీ పెట్టడం మరిచిపోయారండీ. అందుకే ఆయనకు కనిపించలేదు."



"బ్యాటరీయా?" అంది ఆమె. "కన్ను బాగానే ఉందని డాక్టరు చెప్పినా నాన్న నమ్మలేదండీ. అక్షరాల బోర్డు చదవడం వేరు, కెమెరాలోంచి చూడడం వేరు అన్నారు. మొన్న గురువారం రెండో కంటి ఆపరేషన్‌కు బతిమాలినా కదల్లేదు. మొదటిది చేయించుకుంటే ఏం కనిపించింది గనక, అన్నారు. మరిచిపోయారా అండీ? ఆ ఒక్క సంగతీ మరిచిపోయారా?"

చక్రధర్‌కు చెవులు వేడెక్కాయి. గోడౌనులో ఎవరూ లేరు. అయినా తలెత్తలేకపోయాడు.

"మరిచిపోలేదమ్మా," అన్నాడు. "నేనే తీసి జేబులో వేసుకున్నాను. ఆయన కొనరులే అనుకున్నాను. నల్లగా ఉందని ఆయన అడిగినప్పుడు కూడా నా జేబులోనే ఉంది."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది.

"నాకు చెప్పి ఏం లాభం? ఆయన ఇక్కడే ఉన్నారు. ఆయనకే చెప్పండి," అని ఫోను ఇచ్చింది.

చక్రధర్ మొత్తం మళ్లీ చెప్పాడు. ఏదీ మింగలేదు. చివర తాను నవ్విన సంగతి కూడా చెప్పాడు. కెమెరా తీసుకుని ఆదివారం తానే సామర్లకోట వస్తానన్నాడు.

"అయితే నాకు కనిపిస్తుందన్నమాట," అన్నాడు వెంకటరత్నం. ఆ గొంతులో కోపం లేదు. ఎక్కాలు మళ్లీ మొదటి నుంచి చెప్పుకుంటున్నవాడిలా ఉంది. "మరి ఆ రోజే ఒక్క మాట చెప్పకపోయావా బాబూ?"

"తప్పయిపోయింది మాస్టారూ. ఆపరేషన్‌కు ఆస్పత్రిలో నేనే మాట్లాడి, మళ్లీ రోజు తీసుకుంటాను."

"అది అమ్మాయి చూసుకుంటుందిలే. వచ్చే వారమైనా చేస్తారు." ఆయన ఆగాడు. "నెగటివ్‌ల సంగతే ఏం చెయ్యలేం. స్టూడియోలో నలభై ఏళ్లవి, నాలుగు బీరువాల నిండా ఉండేవి. ఈ ఊళ్లో సగం మంది పెళ్లిళ్లు వాటిలోనే ఉన్నాయి. పోయినవాళ్ల ఫొటో కావాలని ఇప్పటికీ ఎవరో ఒకరు వచ్చి అడుగుతూంటారు. వెలుగుకు పట్టి వెతకాలంటే కన్ను కావాలి కదా. ఇంక నాకు కన్నే లేదనుకుని, మంగళవారం పొద్దున్నే పాత సామాన్లవాణ్ణి పిలిచి అన్నీ ఇచ్చేశాను."

చక్రధర్ ఆ సాయంత్రమే సామర్లకోట వెళ్లి ఆ పాత సామాన్లవాణ్ణి వెతికి పట్టుకున్నాడు. పాత ఫిల్ములను కాల్చి వాటిలోని వెండి తీసేవాళ్లకు అమ్మేశాననీ, బుధవారం మధ్యాహ్నానికే వాళ్లు వాటన్నిటినీ కాల్చేశారనీ అతను చెప్పాడు.

నీతి: కొనేవాడా కాదా అన్నది మన అంచనా మాత్రమే; నమ్మి అడిగినవాడికి నిజం చెప్పడం మన బాధ్యత, ఎందుకంటే మనం చులకనగా ఆడిన అబద్ధాన్ని నమ్మి అతను పోగొట్టుకున్నదాన్ని ఆ తరువాత మన పశ్చాత్తాపం తిరిగి తేలేదు.