చెప్పుల దగ్గర విన్న చరణం

"అయ్యగారూ, ఆ మనిషిని ఇకనైనా చర్చి వసారాలోంచి లేపించాలండి" అన్నాడు ఫిలేమోను.

మా పాస్టరు బర్నబా అయ్యగారు అనపకాయలు ఒలుస్తున్నారు. తల ఎత్తలేదు.

నేను ఆ పక్కనే కూర్చుని డోలక్ తాళ్ళు బిగించుకుంటున్నాను. మా లంకపాలెం చర్చిలో డోలక్ నాది. నా గురించి నేను చెప్పుకోకూడదు గాని, నా చేతి దెబ్బకి కాలవ అవతలి ఊరి గేదెలు మేత మానేసి చెవులు నిక్కించేవి. క్రిస్మసు నాటకంలో నేను పసిపిల్లల్ని చంపించిన హేరోదు రాజు వేషం కట్టి గడ్డం దువ్వానంటే ముందు వరసలో తల్లులు పసిబిడ్డల్ని కొంగులో దాచుకుని ఇళ్ళకి పరిగెత్తేవాళ్ళు. అంతటివాణ్ణి ఆ పూట నోరెత్తకుండా కూర్చున్నానంటే సంగతి ఎంత పెద్దదో మీరే ఊహించుకోండి.

సంగతి ఇది. ఆదివారం ఆరాధనకి వచ్చినవాళ్ళంతా చెప్పులు వసారాలో విడిచి, లోపల చాపల మీద కూర్చుంటారు. కొన్ని వారాలుగా ఆ చెప్పులు పోతున్నాయి. జత పోవడం కాదు, ఒక్క కాలిది పోవడం. సంఘపెద్ద ఆశీర్వాదం గారిది కుడికాలిది పోయింది. కూతురి పెళ్ళికని కొనుక్కున్న కొత్త చెప్పు. ఆయన మిగిలిన చెప్పు తొడుక్కుని ఎగుడుదిగుడుగా ఇంటికి నడుస్తుంటే ఊరంతా అరుగుల మీదికొచ్చి చూసింది.

నాదీ పోయింది. నావంటే మామూలు చెప్పులు కావు. ఏనుగు తొక్కినా చెక్కు చెదరవని బెజవాడలో కుట్టినవాడే ప్రమాణం చేసి ఇచ్చాడు.

జత పోతే దొంగ అనుకుంటాం. ఒంటి చెప్పు ఎవడికి కావాలి? ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి అందరి గొంతులూ తగ్గిపోయేవి.

ఎందుకంటే ఆ చెప్పుల పక్కనే వారం వారం ఒక మనిషి వచ్చి కూర్చుంటున్నాడు. పేరు అంకయ్య. మా సంఘంలో వాడు కాడు. సమాధుల తోటలో గోతులు తవ్వుతాడు. పాటల వేళకి వస్తాడు, వసారా స్తంభానికి ఆనుకుంటాడు, కళ్ళు మూసుకుంటాడు. పాటలయ్యాక అయ్యగారు వాక్యం చెప్పడానికి లేవగానే తనూ లేచి వెళ్ళిపోతాడు.

సమాధుల్లో తిరిగే మనిషి. మాయమయ్యే ఒంటి చెప్పు. కాలి మట్టి అంటిన చెప్పు దొరికితే చాలు, చేతబడి చేసేస్తారని చిన్నప్పుడు అందరం విన్నదే. సాతాను మాకు లెక్కలేదని చేతులెత్తి పాడేవాళ్ళమే, ఇంటికెళ్ళి చెప్పులు మంచం కింద దాచుకోవడం మొదలుపెట్టాం. అంతలో ఆశీర్వాదం గారికి కుడి మోకాలు పట్టేసింది. "పోయింది కుడికాలి చెప్పేగా" అన్నాడాయన. ఇక ఊరు రాజుకుంది. వచ్చే ఆదివారం వాణ్ణి పట్టుకుని స్తంభానికి కట్టేసి, నిజం చెప్పేదాకా వదలకూడదని పడుచువాళ్ళు తాళ్ళు కూడా తెచ్చి పెట్టుకున్నారు. అట్లా కట్టేసిన మనిషి తిరిగి ఊళ్ళో బతకలేడని అందరికీ తెలుసు.

ఫిలేమోను బైబిలు స్కూలు ముగించుకుని కిందటేడే అయ్యగారి దగ్గరికి సేవ నేర్చుకోవడానికి వచ్చాడు. ఊళ్ళో చిన్నయ్యగారు అంటారు. బాగా చదువుకున్నవాడు. నవ్వగా నేను చూడలేదు.

"చేతబడి అవీ నేను నమ్మనండి" అన్నాడు. "కాని ఆ మనిషి మీద నాకూ అనుమానమే. వాక్యమంటే లేచిపోతాడు, పాటలు మాత్రం కావాలి. దేవుడి ప్రేమ అని రాగం తీస్తే ఎవడికైనా కళ్ళు తడుస్తాయి. అది ఓదార్పు కాదండీ, మత్తు. కల్లు మానేసి పాట తాగడం."

"మనవాళ్ళు కూడానా?" అన్నారు అయ్యగారు.

"మనవాళ్ళు కూడానండి." ఒక అనపకాయ చేతిలోకి తీసుకున్నాడు. "మా అమ్మని మట్టి చేసినప్పుడు ఊరంతా పాడింది. నాకేమీ కాలేదు. చెవికి చప్పుడు తగిలింది, అంతే. అప్పట్నుంచీ పాటలో ఏడ్చే మనిషిని చూస్తే నటిస్తున్నాడనే అనిపిస్తుంది. ప్రేమ గురించి చెప్పడానికి నేను లేచి నిలబడితే నేనూ నటిస్తున్నాననిపిస్తోంది. ఇట్లా అయితే నేను ఈ పనిలో ఉండలేనండి."

నటన సంగతి నన్నడగవయ్యా అందామని నోరు తెరిచాను. అయ్యగారి మొహం చూసి మూసుకున్నాను.

ఆయన ఒలిచిన గింజలు చేటలోకి వంచి, "ఈ ఆదివారం నువ్వు లోపలికి రాకు" అన్నారు.

"నేనా అండీ?"

"చెప్పుల దగ్గర కూర్చో. ఎవరు తీస్తున్నారో చూడు. ఆ తాళ్ళవాళ్ళతో చెప్పు, నువ్వు చెయ్యెత్తేదాకా ఎవరూ కదలొద్దని."

ఆదివారం వచ్చింది. నా చోటు గుమ్మం పక్కనే. ఒక కన్ను డోలక్ మీద, ఇంకో కన్ను వసారా మీద పెట్టి కూర్చున్నాను. రెండు కళ్ళతో రెండు పనులు చేయగల మనిషి కృష్ణకి ఈ ఒడ్డున నేనొక్కణ్ణే.

ఫిలేమోను తన చెప్పులు విడిచి వాటి పక్కనే బాసింపట్టు వేసుకున్నాడు. అంకయ్య వచ్చాడు. చిన్నయ్యగారు అక్కడ కూర్చుని ఉండడం చూసి మెట్టు మీదే ఆగిపోయాడు.

"రా, కూర్చో" అన్నాడు ఫిలేమోను. పోలీసు పిలుపులా ఉంది అది.

అంకయ్య కొంచెం దూరంగా కూర్చున్నాడు. లోపల ఆడవాళ్ళు ఇంకా సర్దుకుంటున్నారు. నేను శ్రుతి చూసుకుంటున్నట్టు నటిస్తూ చెవి అటు పారేశాను.

"లోపలికి ఎందుకు రావు?"

"రమ్మన్నోళ్ళు లేరు గదా బాబూ."

"వాక్యం మొదలవగానే లేచిపోతావే?"

"ఇక్కడికి ఇనపడదండీ. పాటకైతే మైకుంది."

ఫిలేమోను నమ్మలేదు. ఆ మొహం చూస్తే నాకే తెలిసింది.

"మరి పాటలు నీకెందుకు?"

అంకయ్య గోళ్ళ సందుల్లో మట్టి గీకుకుంటూ చెప్పాడు. "తోటకి వస్తారు గదండీ మీరు, పోయిన మనిషిని తీసుకుని. అక్కడ ఎత్తుకునేది ఈ పాటే. నేను మట్టి లాగతా ఉంటా. గొయ్యి నిండేతలికి పాట ఆపేసి ఎల్లిపోతారు. ఎప్పుడూ సగమే. మిగతాది ఏంటో ఇందామని."

"విని ఏం చేస్తావు?"

"మా ఆడది ఆ గట్టు అవతలే ఉంది బాబూ. నేనే తవ్వా, నేనే పూడ్చా. మాలో పాడే అలవాటు లేదు. పొద్దుగూకి పని అయ్యాక ఈ సగం పాట దానికి చెప్పేవోణ్ణి. తర్వాతేంటయ్యా అని అడిగినట్టుండేది."

ఫిలేమోను తనలో తను అనుకున్నట్టు, "మా అమ్మ రోజున వాన వచ్చింది" అన్నాడు. "మధ్యలో ఆపేసి అందరూ పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను."

లోపల ఆ పాటే ఎత్తుకున్నారు. వెదకి వచ్చిన ప్రేమ నీది అనే పల్లవి. నేను దెబ్బ వేశాను. పల్లవి, మొదటి చరణం, రెండో చరణం. గోతి దగ్గర ఎప్పుడూ ఆగిపోయేది అక్కడే. తర్వాత ఆడవాళ్ళు గొంతు తగ్గించి చివరి చరణం అందుకున్నారు.

"మన్ను మూసిన గడప ముందర
మేలుకొని కూర్చున్న ప్రేమ
తెల్లవారేదాక కదలని
తల్లివంటి నీదు ప్రేమ."

గుమ్మంలోంచి చూశాను. ఫిలేమోను తల వంచుకుని ఉన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. పెదవులు మాత్రం గట్టిగా బిగించుకున్నాడు.

నేను కూడా కళ్ళు మూసుకున్నాను. ఆ వేళ నా చేతిలో పలికిన వాయింపు కళ్ళు తెరిచి వాయించేది కాదు. సముద్రం మీద పడవలు కూడా ఒక్క క్షణం నిలిచి ఉంటాయి.

పాట ఆగింది. అయ్యగారు వాక్యానికి లేచారు, మైకు కట్టేశారు. వసారాలో అంకయ్య కూడా లేచాడు.

ఫిలేమోను మొహం తుడుచుకుని పక్కకి చూశాడు. తనది ఒక చెప్పే ఉంది.

వెంటనే అంకయ్య చెయ్యి పట్టుకున్నాడు. "నా చెప్పేది?"

"కుక్క ఎత్తుకుపోయిందండీ. సరుగుడు తోట వైపు."

"నువ్వు చూశావా?"

"నా ముందునించే గదండీ పోయింది."

"చూస్తూ ఊరుకున్నావా?"

"మీరు పాటలో ఉన్నారు బాబూ" అన్నాడు అంకయ్య. "నేను లేచి అదిలిస్తే మీకు మధ్యలో తెగిపోద్దని."

ఫిలేమోను పట్టుకున్న చెయ్యి అట్లాగే ఉంది. పట్టు మాత్రం వదులైంది.

అంకయ్య లేవడం చూసి ఆశీర్వాదం గారు అప్పుడే బయటికొచ్చారు, వెనక తాళ్ళతో పడుచువాళ్ళు. నేను డోలక్ చంకన పెట్టుకుని వచ్చాను. అలాంటి ఘట్టంలో నేను లేకపోతే ఎలా?

"దొరికాడా చిన్నయ్యగారూ?"

"తీసింది కుక్కండి" అన్నాడు ఫిలేమోను.

"మీరు చూశారా?"

"లేదు. నేను కళ్ళు మూసుకున్నాను."

"మరి ఎవరు చెప్పారు?"

"అంకయ్య చెప్పాడు."

పడుచువాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఆశీర్వాదం గారు నవ్వలేదు. "దొంగని అడిగితే కుక్కని చూపించాడా. ఇన్ని వారాలు పక్కనే కూర్చుని ఇవాళ చెప్తున్నాడా ఆ మాట?"

"అడిగినోళ్ళు లేరండీ" అన్నాడు అంకయ్య. "అందరూ చూసేవోళ్ళే."

"మీరు కళ్ళతో చూడలేదు. వీడు నోటితో చెప్పాడు. మీరు నమ్మారు. అంతేనా?"

పడుచువాళ్ళ చూపులన్నీ ఫిలేమోను చేతి మీదున్నాయి. లోపల అయ్యగారు మాట్లాడుతూనే ఉన్నారు. పెదవులు కదలడం కనిపిస్తోంది. వసారాలోకి ఒక్క మాట రావడం లేదు. సరుగుడు చెట్ల హోరు తప్ప ఏమీ లేదు. ఫిలేమోను అటు కాసేపు చూశాడు.

"నమ్మాను" అన్నాడు.

చెయ్యి ఎత్తలేదు.

తర్వాత సరుగుడు తోటలోకి వెళ్ళి చూసినవాళ్ళు తాళ్ళు చుట్టి చంకన పెట్టుకుని తిరిగొచ్చారు. ఈనిన కుక్క, చుట్టూ కూనలు, కూనల నోట్లో మా చెప్పులు. ఏనుగు తొక్కినా చెదరని నా చెప్పు కూడా అందులో పీలికలై ఉంది. ఆ కుక్క సామాన్యమైనది కాదని నేను అప్పుడే చెప్పాను. ఆశీర్వాదం గారి మోకాలు మాత్రం కొన్నాళ్ళు అలాగే ఉంది.

వెళ్ళిపోతానన్న మాట ఫిలేమోను మళ్ళీ ఎత్తలేదు.

కొన్నాళ్ళకి ఆశీర్వాదం గారి అక్క పోయింది. అందరం సమాధుల తోటకి వెళ్ళాం. ఎండ మాడ్చేస్తోంది. ఆ పాటే ఎత్తుకున్నాం, అంకయ్య మట్టి లాగాడు. రెండో చరణం అయ్యేసరికి గొయ్యి నిండింది. పాట తనంతట తనే సన్నగిల్లింది. జనం చేతులు దులుపుకుని గేటు వైపు తిరిగారు. నేనూ డోలక్ భుజం మీంచి దించబోయాను.

ఫిలేమోను కదల్లేదు. ఆ మట్టి ముందు నిలబడి, ఒక్కడే, చివరి చరణం అందుకున్నాడు. గొంతు బాగుండదు అతనిది. ఆ రోజు పూర్తిగా బొంగురుపోయింది. శ్రుతి తప్పిందని చెప్పే ధైర్యం నాకే లేకపోయింది.

అంకయ్య పార పక్కన పెట్టి తలగుడ్డ తీశాడు.

"అయిపోయింది గదా అయ్యగారూ, ఎండగా ఉంది, పదండి" అన్నారు ఆశీర్వాదం గారు గేటు దగ్గర్నుంచి.

బర్నబా అయ్యగారు నా డోలక్ మీద చెయ్యి వేసి ఆపారు.

"ఇంకో చరణం ఉంది" అన్నారు.