గవరమ్మ చెక్కిన చెయ్యి

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త నూకాలు. పై వీధోళ్లు ఇంకోలా చెప్తారు. వాళ్లది తప్పు. వినక్కర్లేదు.

కొండకి దారి పడకముందు, ఏటికి రేవు కట్టకముందు, బొమ్మల గవరమ్మ అని ఒకావిడ ఉండేది. అంకుడు కర్రతో బొమ్మలు చెక్కి, లక్క పూసి బతికేది. ఒకనాడు కర్ర కొడుతూ చెట్టు మీంచి పడింది. ఎడమ ముంజెయ్యి విరిగింది.

ఊళ్లో కట్లు కట్టేది సన్యాసయ్య. ఆయనకి ముగ్గురు శిష్యులు. విరిగిన చేతిని అరచెయ్యి నేలకేసి పెట్టి కట్టడం ఆయన పద్ధతి. గవరమ్మకీ అలాగే కట్టాడు. నలభై రోజులకి విప్పితే ఎముక అతికింది. అరచెయ్యి మాత్రం పైకి తిరగలేదు. ఆవిడికి దోసిలి పట్టడం పోయింది.

"అయ్యా, నా చెయ్యి తిరగట్లేదు."

"అతికిందా లేదా? మరేం కావాలి నీకు?"

గవరమ్మ ఇంటికొచ్చి, మంచి చెయ్యి తడుముకుని, అలాంటి చెయ్యే ఒకటి చెక్కింది. లోపల ఎముకకి బదులు ఒక పుల్ల పెట్టింది. తిరగలేదు. రెండు పుల్లలు బిగించి పెట్టింది. తిరగలేదు. రెండు పుల్లలు వదులుగా పెట్టింది. తిరిగింది! అరచెయ్యి పైకుంటే పుల్లలు పక్కపక్కన. నేలకేసి తిప్పితే ఒకదాని మీదికి ఒకటి ఎక్కింది.

"నన్ను కట్టింది ఇలాగన్నమాట" అనుకుంది.

ఆ చెయ్యి పట్టుకుని సన్యాసయ్య దగ్గరకెళ్లింది. శిష్యులు పగలబడి నవ్వారు.

"అత్తా, దీనికి గాజులేవీ?"

"బొమ్మలు పిల్లలకిచ్చుకో, పో" అన్నాడు సన్యాసయ్య.

అలా ఒకసారి కాదు, రెండుసార్లు పంపేశాడు.

మూడోసారి ఆవిడ వెళ్లేలోపు ఆయనే ఏటి ఒడ్డున జారిపడ్డాడు. కుడి ముంజెయ్యి విరిగింది. కట్లు కట్టే చెయ్యి! శిష్యులు నేర్చుకున్నట్టే అరచెయ్యి నేలకేసి పెట్టారు. అంతలో గవరమ్మ వచ్చింది.

"ఆగండర్రా."

అందరూ చూస్తుండగా కర్రచేతిలో పుల్లలు రెండూ విరిచింది. అరచెయ్యి నేలకేసి ఉంచి, కరిగిన లక్కతో అతికింది. పుల్లలు ఒకదాన్నొకటి తాకినచోట లక్క రెంటినీ కలిపి పట్టేసింది. చెయ్యి తిరగలేదు. లక్క గీకేసి, అరచెయ్యి పైకి పెట్టి మళ్లీ అతికింది. ఏ పుల్లకాపుల్లే అతికింది. చెయ్యి తిరిగింది.

సన్యాసయ్య ఆ కర్రచేతిని ఎడం చేత్తో తిప్పి చూశాడు.

"ఒరే, నా చెయ్యి పైకి తిప్పి కట్టండి."

నలభై రోజులకి కట్టు విప్పారు. ఆయన నేరుగా ఏటికెళ్లి, దోసిలి పట్టి, నీళ్లు ముంచాడు. తాను తాగలేదు. తెచ్చి గవరమ్మ నోటికందించాడు.

"నా శిష్యులు ముందు నీ కర్రచేతికి కట్టు కడతారు. తర్వాతే మనిషికి" అన్నాడు.

గవరమ్మ పోయింది. ఆ చెయ్యి అరిగితే ఇంకోటి చెక్కారు, అదీ అరిగితే ఇంకోటి. ఇప్పటికీ కట్టు నేర్చేవాడు ముందు కర్రచేతికే కట్టాలి. కట్టు విప్పించుకున్నవాడు మొదటి దోసిలి నీళ్లు గవరమ్మ పేరు చెప్పి నేల మీద పోస్తాడు.

సన్యాసయ్య ఒప్పుకున్నాడు. ఆయన మనవలే ఒప్పుకోలేదు. కర్రచెయ్యి చేసింది తమ తాతే అని రేవులో రాయి పాతారు. పై వీధోళ్లు ఆ మనవల సంతతే. నాకు చదువు కూడబలుక్కునేంతే వచ్చు, అయినా ఆ రాయి మీద ఏం లేదో నాకు తెలుసు. ఉలి పట్టడం వచ్చినోళ్లెవరైనా ఒకసారి రండి. గవరమ్మ అని చెక్కండి. నాలుగే అక్షరాలు.