చిత్తడిసీమ కంచు గడప

అనగనగా, ఎండ కాసిన రోజున పండగ చేసుకునే రాజ్యం ఒకటి ఉండేది. దాని పేరు చిత్తడిసీమ.

అక్కడ వాన పడటం మామూలు, పడకపోవడం వింత. పిల్లలు నడక నేర్వక ముందే జారడం నేర్చేవారు. కప్పలు ఇరుగుపొరుగువాళ్ళలా మనుషులను పలకరించేవి. మనుషులూ విసుక్కోకుండా బదులు చెప్పేవారు.

ఆ రాజ్యం నడిబొడ్డున విత్తనాల కొట్టు ఉండేది. పంట చేతికి రాగానే మేలైన గింజను ఏరి, ఊళ్ళన్నీ ఆ కొట్టులోనే దాచుకునేవి. ఏరువాక నాడు తలుపు తెరిచి ఇంటింటికీ పంచేవారు. ఆ గింజ మట్టిలో పడితేనే మరుసటి ఏడు చిత్తడిసీమకు కూడు.

కొట్టు తలుపు తూర్పు ముఖం. గాలివాన వచ్చేదీ తూర్పు నుంచే. పాత టేకు గడప నాని నాని పుచ్చిపోయింది. తలుపు కింద నుంచి నీళ్ళు చుట్టపుచూపుగా లోపలికి వచ్చేవి. వచ్చిన చుట్టం ఓ పట్టాన కదిలేది కాదు.

"కొట్టును ఎత్తైన చోట కట్టుకోవచ్చుగా?" అని మీరు అడుగుతారు. నాకు తెలుసు, అడిగి తీరుతారు. చిత్తడిసీమలో ఎత్తైనది ఏదైనా ఉందంటే అది జయంతపాల మహారాజుగారి ముక్కు ఒక్కటే. దాని మీద కొట్టు కట్టలేరు కదా!

ఆ కొట్టును కనిపెట్టుకుని ఉండేది నాంచారమ్మ. పెద్ద ముత్తైదువ. నుదుట రూపాయంత బొట్టు, బొడ్లో తాళంచెవి. గాదెల మధ్య తిరుగుతూ వాటితో కబుర్లు చెప్పేది. గాదె ఒకటి తడిస్తే ఆ పూట ఆమెకు అన్నం దిగేది కాదు.

ఒక ఏడు తడిసిన గాదెలు మరీ ఎక్కువయ్యాయి. రాజుగారు కంచరి గురవాచారిని పిలిపించారు.

"ఆచారీ, చెక్క గడపకు కాలం చెల్లింది. నీరు లోపలికి రాని లోహపు గడప చెయ్యి. ఈ ఏడు గింజ పోతే వచ్చే ఏడు నా ప్రజలు పస్తులుంటారు."

గురవాచారి చేయి తిరిగిన పనివాడు. అతను పోత పోసిన గంట మోగితే పక్క రాజ్యంలో వాళ్ళు "ఎవరది?" అని తలుపు తీసేవారట. అంత పేరున్నవాడికి గర్వం కాస్తయినా లేకుండా ఉంటుందా?

"నీళ్ళెంత, నేనెంత ప్రభూ!" అన్నాడు.

మొదటి గడపను మోకాలెత్తున పోశాడు. మెరుగుపెడితే అద్దంలా మెరిసింది. జనం వచ్చి అందులో ముఖాలు చూసుకున్నారు. "దీన్నెక్కి ఏ నీరు వస్తుందో రమ్మను!" అని గురవాచారి మీసం దువ్వాడు.

గాలివాన వచ్చింది. గడప మీదుగా చుక్క కూడా ఎక్కలేదు. కానీ గాలికి వాన వచ్చి తలుపును కొట్టింది. తలుపు మీద నీరు కిందికి జారి, గడపకు లోపలి పక్కన పడింది. పడ్డ నీరు మళ్ళీ బయటికి పోదామంటే మోకాలెత్తు కంచు అడ్డం! కొట్టంతా నీళ్ళు నిలిచి అడుగు వరస గాదెలు మొలకెత్తాయి.

నాంచారమ్మ ముంతతో నీళ్ళు తోడిపోస్తూ, "గడప చెయ్యమంటే పశువుల తొట్టి చేశావేమయ్యా!" అంది. మూటలు మోసే కూలీలైతే అప్పటికే దానికి తగిలి కాళ్ళు పగలగొట్టుకుని ఉన్నారు. వాళ్ళన్న మాటలు పిల్లల ముందు చెప్పేవి కావు.

గురవాచారి ఆ గడపను కరిగించాడు.

రెండో గడపను పొట్టిగా, బిగువుగా చేశాడు. తలుపు మూస్తే గడపకూ తలుపుకూ నడుమ చీమ కూడా దూరదు. ఉన్న కాస్త సందునూ లక్కతో, మైనంతో పూడ్చాడు. "ఇప్పుడు రమ్మను!" అన్నాడు.

నీరు రాలేదు. నిజం చెప్పాలి కదా, రాలేదు. కానీ తడి గాలికి తలుపు చెక్క ఉబ్బింది. అంతలో ఒక రోజు మబ్బు విడిచి చక్కని ఎండ కాసింది. చిత్తడిసీమలో ఎండంటే మాటలా? జనమంతా చాపలు పట్టుకుని కొట్టు దగ్గరికి పరుగెత్తారు, గింజలు ఎండబెట్టుకుందామని.

తలుపు రాలేదు. రాజుగారి మల్లులొచ్చి గొళ్ళెం పట్టుకుని లాగారు. గొళ్ళెం వచ్చింది, తలుపు రాలేదు. మల్లులు మాత్రం బురదలో వెల్లకిలా పడ్డారు. గొడ్డలి తెచ్చి తలుపు పగలగొట్టేసరికి ఎండ కాస్తా వెళ్ళిపోయింది. లోపల చూస్తే గాలి ఆడక గింజకు బూజు పట్టింది.

మిగిలింది ఒక్క గాదె. పొదుపుగా పంచితే ఇంటికి ఇంతని అందరికీ వస్తుంది. అదీ పోతే చిత్తడిసీమలో నాటడానికి గింజన్నది లేదు.

గురవాచారి కొట్టు ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. వాన పడుతూనే ఉంది. మెట్టు పక్క బొరియలోంచి ముసలి కప్ప ఒకటి తల బయటపెట్టింది.

"ఆచారీ, నువ్వు నీటిని దొంగ అనుకుంటున్నావు. అందుకే ఒకసారి గోడ కట్టావు, ఒకసారి లక్క పూశావు. పుట్టిన దగ్గర నుంచీ నీళ్ళతో కాపురం చేస్తున్నదాన్ని, నా మాట విను. నీటికి మీ గింజలు అక్కర్లేదు. దానికి కావలసింది పల్లం. నీరు పల్లమెరుగు అని మీరే సామెత చెప్పుకుంటారు. చెప్పుకోవడమే గానీ చెవిన పెట్టరు."

"అయితే నన్నేం చెయ్యమంటావు?"

"రావద్దు అనకు. ఇటు పో అను."

అనేసి కప్ప బొరియలోకి వెళ్ళిపోయింది. గురవాచారి కొలిమికి వెళ్ళిపోయాడు.

మూడో గడప చీలమండ ఎత్తు దాటలేదు. దాని పైభాగం బయటికి వాలి ఉంది. మీద పడ్డ చినుకు వీధిలోకే జారుతుంది. ఇక తలుపు మీద నుంచి జారే నీటి కోసం, తలుపుకు సరిగ్గా కిందుగా, గడపలోనే వేలు పట్టేంత కాలువ తీశాడు. ఆ కాలువ నుంచి బయటి ముఖానికి వరసగా చిల్లులు పెట్టాడు. లోపలికి వద్దామనుకున్న నీరు కాలువలో పడి, చిల్లుల్లోంచి మళ్ళీ వీధి దారే పడుతుంది. కొత్త తలుపును కూడా గడపకు ఒరుసుకోకుండా కాస్త వదులుగా పెట్టించాడు.

బిందెలతో నీళ్ళు కొట్టి చూశారు. లోపలి నేల పొడిగానే ఉంది. రాజుగారు చప్పట్లు కొట్టారు.

నాంచారమ్మ మనసు మాత్రం చివుక్కుమంది. గడపంటే లక్ష్మి ఉండే చోటు. దానికి చిల్లులేమిటి? ఆ మాట నోటిదాకా వచ్చింది. అంత పెద్ద పనివాడికి తెలియదా అని మింగేసింది.

శుక్రవారం వచ్చింది. నాంచారమ్మ తలంటు పోసుకుని, గడప కడిగి, చిక్కగా పసుపు పూసింది. చిల్లు కనిపించిన చోట మరికాస్త పూసింది. గాయానికి పసుపు అద్దినట్టు ప్రేమగా అద్దింది. మళ్ళీ శుక్రవారం, ఆపై శుక్రవారం కూడా అంతే. పసుపు ఎండి గట్టిపడింది.

గాలివాన వచ్చింది. కాలువ నిండింది. నిండిన నీరు చిల్లుల దగ్గరికి పోయి, దారి లేక వెనక్కి తిరిగి కొట్టులోకి పొంగింది. నాంచారమ్మ కేక పెట్టి, కొంగు బిగించి, ఆ చివరి గాదెలో గింజను తట్టలకెత్తింది. కొట్టు పైనున్న అటక మీదికి చేరవేసింది. అటక ఇరుకుది. ఒక్క గాదె గింజకైతే పట్టింది. మోసి మోసి ఆమె నడుం విరిగింది గానీ గింజ తడవలేదు.

మర్నాడు రాజుగారే కొట్టుకు వచ్చారు. ముఖం కందగడ్డలా ఉంది. గురవాచారి పుల్ల పెట్టి చిల్లును పొడిచాడు. పచ్చటి పెళ్ళ ఊడిపడింది. అతనికి ఒళ్ళు మండిపోయింది.

"ఎవరు మూశారిది?"

నాంచారమ్మ ముందుకొచ్చింది. "నేనే నాయనా. ఈ చేత్తోనే పూశాను. గడప బోసిగా ఉంటే మంచిది కాదని..."

"చాలు!" అన్నారు రాజుగారు. "నీకు ఈ కొట్టు బాధ్యత ఇక వద్దు. నేటి నుంచి ఈ గడపకు ఎవరూ పసుపు పూయరాదని శాసనం వేయిస్తాను. ఆచారీ, నీ తప్పేమీ లేదు. నువ్వు వెళ్ళు."

వెళ్ళిపోతే సరిపోయేది. పోయిన పేరు అక్కడికక్కడే తిరిగి వచ్చేది. కానీ గురవాచారి చూపు నాంచారమ్మ చేతుల మీద పడింది. అరచేతుల గీతల్లో పసుపు ఇంకిపోయి ఉంది. రాత్రంతా తట్టలు మోసి వేళ్ళు కమిలిపోయి ఉన్నాయి. ఆ చేతులను చూసి అతనికి సిగ్గేసింది.

"ప్రభూ, తప్పు నాది."

"చిల్లులు మూసింది ఈవిడ కదా?"

"మూసింది ఆవిడే. మూసుకుపోయే చోట పెట్టింది నేను. చినుకు ఎక్కడ పడుతుందో చూశాను, గాలి ఎటు తోలుతుందో చూశాను. పసుపు ఎక్కడ పూస్తారో చూడలేదు. మా ఇంటి గడపకూ శుక్రవారం శుక్రవారం పసుపు పూస్తారు. దాన్ని దాటే రోజూ కొలిమికి వెళ్తాను. పసుపు పూయని గడప మన సీమలో ఏ ఇంటికుంది ప్రభూ? ఎక్కడా లేని ఇంటికి నేను గడప చేసిపెట్టాను."

రాజుగారు అతని వైపు తిరిగారు. "ఇలా ఒప్పుకుంటే నీ పేరు పోతుంది, తెలుసా?"

"పేరు పోతే మళ్ళీ తెచ్చుకుంటాను. గింజ పోతే ఎక్కడి నుంచి తెస్తాం?"

రాజుగారి కోపం చల్లారింది. "ఏరువాక దగ్గర పడింది. కొత్తది పోసే వ్యవధి లేదు. దీన్నే సరిచెయ్యి. ఈవిడను నీ దగ్గరే ఉంచుకుని చెయ్యి. శాసనం సంగతి ఆ తర్వాత చూద్దాం."

గురవాచారి పసుపు గిన్నె తెచ్చి నాంచారమ్మ ముందు పెట్టాడు. "అమ్మా, నేను ఇక్కడ లేననుకుని పూయి."

"గుడ్లప్పగించి చూస్తుంటే లేవని ఎలా అనుకునేది నాయనా?" అని ఆమె నవ్వింది. చాలా రోజులకు నవ్వింది.

పూసింది. ఆమె అరచెయ్యి గడప పైభాగమంతా పాకింది. ముందు ముఖం మీదుగా దిగింది. అడుగున అంచు కిందికి మాత్రం వేళ్ళు పోలేదు. గురవాచారి ఆ జాగా గుర్తుపెట్టుకున్నాడు. పాత చిల్లులు కంచుతోనే పూడ్చాడు. ముందు ముఖానికి ఇంటి చూరులాంటి అంచు అతికాడు. ఆ అంచు కింద, నేల వైపు చూసేలా కొత్త చిల్లులు తొలిచాడు. ముందు ముఖమంతా నున్నగా, వెడల్పుగా, పసుపు కోసమే అన్నట్టు అమిరింది.

నాంచారమ్మ వంగి చూసింది. "నాయనా, ఒక మాట. ఈసారి మింగను. పసుపు పూసే ముందు ఎలాగూ గడప కడుగుతాను కదా, ఆ నీళ్ళు ముందు ఈ కాలువలో పోస్తాను. కింద నుంచి కారితే సరే. కారకపోతే ఎక్కడో చెత్త అడ్డం పడ్డట్టే. అది తీశాకే పసుపు పూస్తాను."

గురవాచారి సుత్తి కింద పెట్టాడు. "నీ పూజే నా గడపకు కాపలా అయిందమ్మా. ఇది నాకు తోచనే లేదు."

ఏరువాక ముందు వారం తూర్పు గాలి లేచింది. అంత వానను చిత్తడిసీమ ముసలివాళ్ళు కూడా ఎరగమన్నారు. తలుపు మీద నీరు ధారలు కట్టింది. ధారలన్నీ కాలువలో దిగాయి. కాలువలోంచి, పసుపు పూసిన ముఖం కింద నుంచి, వెండి తీగల్లా వీధిలోకి దూకాయి. రాజుగారు లోపల మోకాళ్ళ మీద కూర్చుని నేలను అరచేత్తో తడిమారు. అరచేతికి దుమ్మే అంటింది. శాసనం మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

ఏరువాక నాడు తలుపు ఒక్కసారి లాగగానే తెరుచుకుంది. పసుపు కుంకుమలతో గడప కళకళలాడుతోంది. ఇంటింటి వాళ్ళూ చేటలు పట్టుకుని నిలబడ్డారు. నాంచారమ్మ గాదెలోంచి దోసెడు గింజ చేటలోకి తీసి, నేరుగా గురవాచారి దగ్గరికి వచ్చి, అతని చెవి పక్కన చేట ఆడించింది.

గలగలమంది. నీటి చెమ్మ తగలని గింజ అలాగే గలగలమంటుంది.

"విన్నావా నాయనా? వచ్చే ఏడు మన పిల్లల అన్నం."

గురవాచారి కళ్ళు తుడుచుకున్నాడు. వాన అనుకున్నారు జనం.

బిడ్డలారా, నీటికి దారిచ్చి, మనిషి అలవాటుకు చోటిచ్చి, తప్పు తనదైతే తనదేనని చెప్పగలిగిన వాడి పనే నాలుగు కాలాలు నిలుస్తుంది.