ఓబులక్కకు నూటికి నూరు

తెలివి ఎక్కడ కాపురముంటుందయ్యా అని అడిగితే, బొప్పేపల్లిలో మా ఇంట్లోనే అని వన్నూరప్ప మొహమాటం లేకుండా చెప్పేవాడు. చెప్పడా మరి. వానొస్తే బావిలో నీళ్ళు తడిసిపోతాయని టార్పాలిన్ కప్పే ఇల్లు ఆ చుట్టుపక్కల ఇంకొకటి ఉందా? తమ్ముళ్ళు తిప్పేస్వామి, బొమ్మయ్య మాత్రం ఏం తక్కువ? కోడికంటే ముందు లేచి, కోడిని లేపి, కూయమని చెప్పి మళ్ళీ పడుకునే రకం.

ఇంత తెలివున్న ఇంట్లో ఒక్కటే దిగులు, వన్నూరప్ప పెళ్ళాం ఓబులక్క బొటనవేళ్ళు. ఏటా విత్తనం వేసేముందు వేరుశనక్కాయలన్నీ ఆమే కూర్చుని ఒలవాలి. ఒలిచి ఒలిచి వేళ్ళు పగిలిపోయేవి. కారం కలిపితే మంట, చీపురు పడితే మంట. అది చూస్తే వన్నూరప్పకి కడుపు తరుక్కుపోయేది. పాపం, మంచోడే. ఒలవడానికి తనకీ వేళ్ళున్నాయని మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

అట్లాంటి రోజుల్లో వ్యవసాయ ప్రాజెక్టు నుంచి హిమజ మేడం ఊళ్ళోకొచ్చింది. కాయలొలిచే యంత్రం ఊరికే ఇస్తామంది. పిడి పట్టుకుని ఊపితే చాలు, పొట్టు ఒకపక్క, గింజ ఒకపక్క.

"అయితే ఆడవాళ్ళకి సాధికారత ఉన్న ఇంటికే ఇస్తాం. సోమవారం వచ్చి కొలిచి, మార్కులేస్తాం" అంది.

"అదెట్లుంటుందమ్మా?" అన్నాడు వన్నూరప్ప.

"ఏం లేదన్నా. ఇంట్లో ఏం చేసినా ఆమెను అడిగి చెయ్యాలి. ఆమెకి పనిభారం తగ్గాలి. అంతే."

ఓస్ ఇంతేనా అనుకున్నాడు వన్నూరప్ప. యంత్రం ఇంటికొచ్చేసినట్టే, ఓబులక్క వేళ్ళు నయమైపోయినట్టే.

మర్నాడు తెల్లారింది. వన్నూరప్ప మంచం మీద కదల్లేదు.

"మే, కళ్ళు తెరవమంటావా?"

"తెరువు."

"రెండూనా?"

అక్కడ మొదలైంది. తిప్పేస్వామి సంగటి ముద్ద నోట్లో పెట్టుకుని, మింగాలో వద్దో తెలీక వదిన కోసం వెతుకుతున్నాడు. నోటినిండా ముద్ద, అడుగుదామంటే మాట రాదు. ఆమె బర్రె దగ్గర పాలు పిండుకుంటుంటే ఎదురుగా నిలబడి గుడ్లు తేలేశాడు. "మింగు నాయనా, మింగు" అని ఆమె వీపు మీద ఒక్కటిచ్చాక గానీ ప్రాణం లేచిరాలేదు.

అటు బొమ్మయ్య తోలుకెళ్ళిన మేకలు పక్కింటి రంగన్న వంగతోటలో పడ్డాయి. బొమ్మయ్య పరుగున ఇంటికొచ్చాడు.

"వదినా, మేకలు తోటలో పడ్డాయి. తోలమంటావా, ఉండనిమ్మంటావా?"

"తోలు, నీ మొహం మండ."

వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. "కుడిపక్కకి తోలమంటావా, ఎడమపక్కకా?"

ఇంకేముంది. వాడు మళ్ళీ వెళ్ళేసరికి తోటలో మొదళ్ళే మిగిలాయి. రంగన్న కర్ర పట్టుకుని వచ్చి, ఎవర్రా ఇక్కడ పెద్ద అన్నాడు. ముగ్గురూ వేలెత్తి ఓబులక్కని చూపించారు. ఆమె తిట్లు తింటుంటే వన్నూరప్పకి పట్టరాని సంతోషమేసింది.

"చూశావా మే, ఊరు కూడా వచ్చి నిన్నే అడుగుతోంది. మార్కులు పడ్డట్టే."

"అదంతా సరే అన్నా, వదినకి పనిభారం తగ్గలేదే" అన్నాడు తిప్పేస్వామి. నిజమే. అంతే, ఓబులక్కని మంచం మీద పడుకోబెట్టారు. కూర్చున్నా నడుముకి పనే కదా. వేళ్ళు బాగుపడతాయంటే ఇదీ ఓర్చుకుందాంలే అని ఆమె పడుకుంది. మరి పొలంలో ఎటునుంచి దున్నాలో ఎవరు చెప్తారు? ఆమెను మంచంతో సహా ఎత్తుకున్నారు. ఎండ తగలకుండా తలమీదుగా తెల్లదుప్పటి కప్పారు.

వీధిలోకొచ్చారో లేదో, వెనకాల ఏడుపులు మొదలయ్యాయి. ఎవరో పూలదండ తెచ్చి వేశారు. ఇంకెవరో డప్పు అందుకున్నారు. తిట్టిన రంగన్నే ముక్కు చీదుకుంటూ వచ్చి మంచం నాలుగో కోడుకి భుజం పెట్టాడు.

"ఎప్పుడు పోయిందిరా?"

"ఇప్పుడే పోతోంది, పొలానికి" అన్నాడు వన్నూరప్ప.

దుప్పట్లోంచి ఓబులక్క లేచి కూర్చుని, "దాహమేస్తోంది" అంది. డప్పు ఒకపక్క, డప్పు వాయించేవాడు ఒకపక్క. రంగన్న మూడు రోజులు జ్వరంతో లేవలేదు.

సోమవారం మేడం ట్రాక్టరు మీద యంత్రం వేసుకుని వచ్చింది.

"నీ పేరేంటన్నా?"

వన్నూరప్ప పెళ్ళాం వైపు తిరిగాడు. "మే, చెప్పమంటావా?"

మేడం కళ్ళు చెమర్చాయి. ఎన్ని ఊళ్ళు తిరిగినా ఇట్లాంటి ఇల్లు చూడలేదంది. నూటికి నూరు వేసింది. యంత్రం దింపించి, "ఇది ఓబులక్కది. మగాళ్ళు దీనిమీద చెయ్యి వెయ్యొద్దు. ఆమె చెప్పినట్టే ఇది నడవాలి" అని చెప్పి, ట్రాక్టరు అక్కడే ఉంచి పక్క వీధికి పోయింది.

ఓబులక్క మురిసిపోతూ పిడి పట్టుకోబోయింది. వన్నూరప్ప అడ్డమొచ్చాడు.

"పనిభారం తగ్గాలి. నువ్వు ముట్టుకోకూడదు."

"అయితే నువ్వు ఊపు."

"మగాళ్ళు చెయ్యి వెయ్యకూడదు."

"మరెట్లా?"

"మేడం చెప్పింది కదా. నువ్వు చెప్పు, అది నడుస్తుంది."

వారం రోజులుగా అందరూ తన మాట వింటుంటే ఓబులక్కకీ కొంచెం నమ్మకం కుదిరినట్టుంది. గొంతు సవరించుకుంది.

"ఒలువు" అంది.

ఉలుకు లేదు, పలుకు లేదు.

"చెవుడేమో, గట్టిగా చెప్పు వదినా" అన్నాడు బొమ్మయ్య. గట్టిగా చెప్పింది. బతిమాలింది. యంత్రం అట్లాగే కూర్చుంది. వన్నూరప్పకి ఒళ్ళు మండిపోయింది.

"ముగ్గురు మగాళ్ళం, నువ్వు చెప్తేనే కళ్ళు తెరుస్తున్నాం. ఈ ఇనుపముక్కకి ఇంత పొగరా? ఆడదాని మాట వినంది మన గడపలో వద్దు."

డ్రైవరు మొత్తుకుంటున్నా వినకుండా, చెయ్యి తగలకుండా తాళ్ళతో లాగి, ట్రాక్టరెక్కించి పంపేశారు. దుమ్ము లేచింది. ఓబులక్క తన వేళ్ళు చూసుకుంది. ఏడుపొచ్చేసింది.

వన్నూరప్ప తట్టుకోలేకపోయాడు. "ఏడవద్దు మే. అది వినకపోతే మేం వినమా? ఏం చెయ్యాలో చెప్పు."

"అయితే మీరే ఒలవండి" అందామె, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

అంతే. ముగ్గురూ బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. సంగతి తెలిసి మేడం పరుగెత్తుకుంటూ తిరిగొచ్చేసరికి మోకాళ్ళ దాకా పొట్టు. ఓబులక్క గడపలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పెళ్ళయ్యాక విత్తనాల రోజుల్లో ఆమె అట్లా కూర్చోవడం అదే మొదలు. కానీ కూర్చుందన్న మాటేగానీ, ఒంటిగింజ కాయ ముందా, రెండుగింజల కాయ ముందా, ఏ చేత్తో ఒలవాలి వదినా అని నిమిషం ఊపిరాడనివ్వడం లేదు.

మేడంకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. "మార్కుల సంగతి వదిలెయ్ ఓబులక్కా. నీకేం కావాలో నువ్వు చెప్పు."

"ఒక్క పూటమ్మా" అంది ఓబులక్క. "ఒక్క పూట వీళ్ళు నన్నేమీ అడక్కుండా ఉంటే చాలు."

వన్నూరప్ప చేతిలో కాయ ఆగిపోయింది. గుండె కరిగిపోయింది. ఇంత చిన్న కోరికా, తీర్చకపోతే తను మొగుడేనా? తమ్ముళ్ళని దగ్గరికి పిలిచాడు. ముగ్గురూ తలకాయలు కలిపి చాలాసేపు గుసగుసలాడుకున్నారు. తర్వాత వచ్చి ఓబులక్క ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"అట్లాగే మే" అన్నాడు వన్నూరప్ప. "ఏ పూట?"