గానుగెద్దు సొంత అడుగు

అనగనగా ఒక అడవిలో ఊరి ఎద్దొకటి వచ్చి చేరింది. పేరు మైలోడు. పన్నెండేళ్ళు తవిటయ్య గానుగ తిప్పిన ఎద్దు. గానుగంటే మీకేం తెలుసులే! నువ్వులు పోసి, ఎద్దును కట్టి చుట్టూ తిప్పితే నూనె కారేది. ఎద్దు కళ్ళకు గంతలు కట్టేవారు. మా చిన్నప్పుడు ఆ నూనె వాసనకు వీధి వీధంతా ఘుమఘుమలాడేది. ఆ రోజులే వేరర్రా!

మైలోడు ముసలివాడయ్యాడు. తవిటయ్య గంతలు విప్పి, "పోరా నాయనా, ఇక నీ ఇష్టం" అని వదిలేశాడు. అడవిదున్నలు జాలిపడి మందలో చేర్చుకున్నాయి.

మేతకు లోటు లేదు. అయినా మైలోడికి ఒకటే బెంగ. తవిటయ్య భార్య నర్సమ్మ రోజూ నూనె తీశాక మిగిలిన తెలగపిండి గుప్పెడు తినిపించి, మెడ కింద గంగడోలు నిమిరేది. ఆ చెయ్యి గుర్తొస్తే కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

"ఒక్కసారి వెళ్ళి చూసొస్తాను" అన్నాడు.

"సిగ్గులేదూ? కట్టేసిన చోటికే పోతావా?" అంది జింక.

"పోతే మళ్ళీ గంతలే!" అంది కోతి.

మందకు పెద్ద దున్న కొమ్ములు ఊపింది. "ఇక్కడ అందరం స్వేచ్ఛగా బతుకుతున్నాం. కాబట్టి ఎవరూ ఊరివైపు పోకూడదు. పోయావో, మందలో చోటు లేదు!"

విన్నారా చోద్యం! మంద లేకపోతే ముసలి ఎద్దు పులి పాలే. మైలోడు మూడు రోజులు మేత ముట్టలేదు. నాలుగో రోజు, "ఏమైతే అదే అవుతుంది" అని బయల్దేరాడు.

నర్సమ్మ వాకిట్లోనే ఉంది. "వచ్చావా నా తండ్రీ!" అని మెడ కావలించుకుని ఏడ్చింది. తెలగపిండి పెట్టింది. "ఉండిపో, కట్టెయ్యనులే" అంది. మైలోడు ఆమె చెయ్యి నాకాడు. సాయంత్రం దాకా ఉండి, మళ్ళీ అడవి దారి పట్టాడు.

పెద్ద దున్న అడ్డం నిలబడింది. "ఎందుకొచ్చావ్? వాళ్ళు తరిమేశారా?"

"లేదు పెద్దయ్యా. అక్కడ ఉండమన్నారు, ఇక్కడ పోవద్దన్నారు. రెండూ వినలేదు. పన్నెండేళ్ళు నడిచాను, ఒక్క అడుగూ నాది కాదు. ఇవాళ పోయిందీ నేనే, వచ్చిందీ నేనే. చోటివ్వకపోతే పులికి భయపడుతూనే బతుకుతాను. నన్ను మాత్రం ఇంకెవరూ నడిపించొద్దు."

వెనక నుంచి ఒక ముసలి ఆడదున్న మెల్లగా అంది: "మా అమ్మతో నేను నీళ్ళు తాగిన మడుగు ఊరివైపే ఉంది. చూసి పదేళ్ళయింది. రేపు నేనూ వెళ్తాను."

పెద్ద దున్న ఆమెను చూసింది, మైలోడిని చూసింది. పక్కకు జరిగి దారి ఇచ్చింది.

నీతి: కట్టు విప్పినంత మాత్రాన స్వేచ్ఛ రాదు, మన దారి మనమే ఎంచుకుని, దాని మంచిచెడ్డలు మనమే మోసినప్పుడు వస్తుంది.