పెనానికి వెళ్ళిన పెద్ద సంస్థ

"తెలివంటే ఏటో చూడాలనుంటే మా ఇంటికి రండి" అని సూరిశెట్టి నూకినాయుడు ఊరందరికీ చెప్పేవాడు. చెప్పడమేటి, దారంట పోయే బస్సు ఆపి మరీ చెప్పేవాడు. వాళ్ళది బెల్లం వండే ఇల్లు. ఒక ఏడు బెల్లానికి చీమలు పట్టేయి. వేరేవాళ్ళయితే పసుపు జల్లుకుంటారు. వీళ్ళు అలాంటిలాంటివాళ్ళు కారు కదా! చీమలకి బెల్లం మీద మోజు పోవాలని, కొట్టుకెళ్ళి పది కిలోల పంచదార కొనుక్కొచ్చి బెల్లం చుట్టూ గట్టులాగ పోసేరు. ఇంకేముంది, పక్కూరి చీమలు కూడా చుట్టరికం కలుపుకొని వచ్చీసేయి. "చూసేరా, మన పేరు ఎంత దూరం పాకిందో" అని నూకినాయుడు మీసం తిప్పేడు.

ఆ ఇంట్లో నలుగురు. నూకినాయుడు, వాడి పెళ్ళాం పైడమ్మ, వాడి తమ్ముడు సన్నిబాబు, పైడమ్మ తమ్ముడు గౌరీసు. నలుగురికీ కలిపి ఒక్కటే బుర్ర. అది నూకినాయుడి దగ్గరుండేది. మిగతా ముగ్గురూ అవసరం పడినప్పుడు అడిగి పుచ్చుకునేవారు.

ఒక ఏడు సగం చెరుకు నరికి పాక దగ్గర కుప్పేసేక, బెల్లం వండే పెద్ద పెనానికి అడుగున చిల్లు పడింది. పిడికిలి దూరేంత చిల్లు. పైడమ్మ అందులోకి చెయ్యి దూర్చి చూసింది.

"ఇదిగో మావా, నరికిన చెరుకు మూడు రోజులాగితే పులిసిపోద్ది. ఏడాది కష్టం గేదెలు తింటాయి. అటక మీద అరవై దిమ్మల బెల్లముంది. పట్నం తీసుకెళ్ళి అమ్మి, కొత్త పెనం తెండి. పెనం లేకండా మీ ముఖాలు నాకు చూపించకండి!" అన్నాది.

"ముఖాలు చూపించకపోతే ఇంట్లోకి ఎలా రావాలక్కా?" అన్నాడు గౌరీసు.

"వీపులు చూపించుకుంటా రాండ్రా!"

"అదీ మాటంటే" అని ముగ్గురూ బండి కట్టేరు.

నూకినాయుడు మామూలుగా అమ్ముకొచ్చే రకం కాదు. కిందటి వారమే పట్నంలో ఎండకి తాళలేక, ఫేను తిరుగుతున్న ఒక మేడగదిలోకి దూరేడు. అక్కడ భానోజీ మాస్టారని ఒకాయన, ఫోనుల్లో షేర్లు కొని అమ్ముకునేవాళ్ళకి పాఠం చెప్తున్నాడు. గోడ మీద ఎర్రగా పచ్చగా గీతలు. కోట్లు పెట్టే పెద్ద సంస్థలు ఎక్కడ కొంటాయో, ఎలా అమ్ముతాయో ఆ జాడ పట్టుకుంటే చిన్నోడు కూడా బాగుపడతాడన్నది ఆ పాఠం. నూకినాయుడు రెండు గంటలు ఫేను కింద కూచున్నాడు. షేరంటే ఏటో వాడికి తెలీదు. ధరంటే తెలుసు. ఎక్కడైనా ధర ధరే కదా! అంతే, పెద్ద సంస్థల గుట్టంతా తన బుర్రలోకి ఎక్కీసిందనుకున్నాడు.

పొద్దెక్కేసరికి బండి పట్నం బెల్లం యార్డులోకి వచ్చింది. అరవై దిమ్మలూ దించి వరసగా పేర్చేరు. ఆ యార్డులో పద్ధతేటంటే, షావుకార్లంతా గుంపుగా ఒక్కో వరస ముందుకీ నడిచొచ్చి, నిలబడి, ధర పాడి, రైతు ఊఁ అంటే కొని, పక్క వరసకి పోతారు.

నూకినాయుడు ఒక హమాలీని పిలిచి, "నిన్న పెద్ద షావుకారు అందరికంటే ఎక్కువ సరుకు ఎక్కడ కొన్నాడు?" అన్నాడు.

"అదిగో, ఆ కుళాయి మూల. కొండలరావు షావుకారు నాలుగొందల దిమ్మలు ఒక్కసారే ఎత్తీసేడు."

"పదండ్రా!" అని నూకినాయుడు తమ్ముణ్ణీ బావమరిదినీ ఆ మూలకి లాక్కెళ్ళి కూచోబెట్టేడు. "దీన్ని ఆర్డర్ బ్లాకంటారు. పెద్దోళ్ళు ఎక్కడ గుట్టలకొద్దీ కొన్నారో, ధర ఎంత దూరం వెళ్ళినా మళ్ళీ ఆ చోటికి వస్తాది. మనం చెయ్యాల్సిందల్లా కాసుక్కూచోడమే."

"మరి మన దిమ్మలు అక్కడున్నాయి కదా అన్నియ్యా?" అన్నాడు సన్నిబాబు.

"ధర వచ్చేది ఇక్కడికి. దిమ్మల దగ్గర నీకేటి పని?"

షావుకార్ల గుంపు బయలుదేరింది. ఒక వరస, రెండు వరసలు, వీళ్ళ వరస. "ఎవర్రా ఈ బెల్లం?" అని కేకేసేరు. పలికేవాడు లేడు. ముందుకి పోయేరు. హమాలీ పరుగెత్తుకొచ్చి, "నాయుడూ, పాట నీ సరుకు దాటిపోతంది!" అన్నాడు.

"పోనీరా. పాపం, దానికి తెలీదు ఎక్కడికి రావాలో" అన్నాడు నూకినాయుడు జాలిగా.

తుడిచే మనిషి చీపురుతో వచ్చింది. ముగ్గురూ ఆవిడ కాళ్ళకి అడ్డం పడిపోయి, "ఇది తుడిచీకమ్మా! తుడిచీస్తే ధర ఈ చోటు గుర్తుపట్టలేదు!" అన్నారు. ఆవిడ భయపడి చీపురు అక్కడే పడేసి పోయింది.

ఎండ నడినెత్తికొచ్చింది. యార్డంతా ఖాళీ. సన్నిబాబు నిద్రపోయేడు. అప్పుడు కొండలరావు షావుకారు, భోజనానికి ముందు చేతులు కడుక్కుందామని ఆ కుళాయి దగ్గరికి వచ్చేడు.

"వచ్చేడ్రోయ్!" అని నూకినాయుడు ఎగిరి గెంతేడు. "ఎవడ్రా నన్ను వెర్రోడన్నది? వచ్చేడా లేదా?"

షావుకారు జడిసి కుళాయి పట్టుకున్నాడు. సంగతి తెలుసుకుని, వాళ్ళ ముఖాలు చూసి జాలిపడ్డాడు. నడిచెళ్ళి దిమ్మ ఒకటి గిల్లి నోట్లో వేసుకున్నాడు. బెల్లం బంగారంలాగుంది. "దిమ్మ నాలుగొందల ఇరవై" అన్నాడు. నూకినాయుడు గెడ్డం గోక్కున్నాడు. బేరమాడుతున్నాడనుకుని షావుకారు, "సరే, నాలుగొందల యాభై. ఇంక పెంచను. పేద్ద పెనం కొనుక్కున్నా ఇంకా మిగుల్తాది నీకు" అన్నాడు.

ఇంకొకడైతే కళ్ళకద్దుకుని డబ్బు పుచ్చుకునేవాడు. నూకినాయుడి ముఖం మాత్రం మాడిపోయింది.

"షావుకారూ, నాలుగొందల ఇరవై అన్నావు. ఆ తరవాత నాలుగొందల యాభై అన్నావు. నడుమున్న ముప్ఫై, నలభై ఏవి?"

"అవెందుకు నీకు?"

"ధర ఒక్కసారి గెంతితే నడుమ ఖాళీ వదిలీస్తాది. దాన్ని ఫెయిర్ వేల్యూ గేపంటారు. ధర వెనక్కొచ్చి ఆ ఖాళీ పూడ్చుకుని వెళ్ళాలి. పూడ్చని ధర నేను ముట్టుకోను. మా ఇంటా వంటా లేదు."

షావుకారు వాడి నుదురు మీద చెయ్యేసి చూసేడు. జ్వరం లేదు. "ఇంతకీ నన్నేటి చెయ్యమంటావు?"

"వెనక్కి రా. నాలుగొందల నలభై అను."

"నాలుగొందల నలభై."

"ముప్ఫై అను."

"నాలుగొందల ముప్ఫై."

"హమ్మయ్య, పూడింది!" అని ముగ్గురూ చప్పట్లు కొట్టేరు. "పూడిందయితే ముప్ఫైకే ఇచ్చీ" అన్నాడు షావుకారు. అరవై దిమ్మల మీద దిమ్మకి ఇరవై చొప్పున ఎగిరిపోయిందని ఆ ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు. పైగా గౌరీసు, "మా బావ షావుకారు చేత పాఠం అప్పజెప్పించుకున్నాడు" అని హమాలీలకి గొప్పలు చెప్పేడు.

అక్కడికైనా ఊఁ అంటే పెనం వచ్చీసును. కానీ షావుకారు అంత తొందరగా దిగొచ్చేసరికి నూకినాయుడికి అనుమానం పుట్టింది. ఇద్దర్నీ పక్కకి లాగి గుసగుసగా చెప్పేడు.

"వొరే, పెద్ద సంస్థలు ఏటి చేస్తాయో తెలుసా? ముందు ధరని కిందికి తోసి చిన్నోళ్ళని హడలగొడతాయి. చిన్నోడు బెదిరిపోయి ఉన్నదంతా అమ్మీసుకుంటాడు. అప్పుడు సంస్థ కొని, ధర పైకి లేపుతాది. స్టాప్ హంటంటారు దాన్ని. షావుకారు మన మీద ఆ దెబ్బ వెయ్యకముందే మనమే వేసీయాలి."

"ఎవరి మీద వేస్తాం బావా?" అన్నాడు గౌరీసు.

"మనకి తెలిసిన చిన్నోడెవడు? సన్నిబాబే కదా! నేను సంస్థని. వాడు చిన్నోడు."

సన్నిబాబు మురిసిపోయి, "నేనెప్పుడూ చిన్నోణ్ణే అన్నియ్యా" అన్నాడు.

నూకినాయుడు ఖాళీ నూనె డబ్బా ఒకటి బోర్లించి దాని మీద కాలు మీద కాలేసుక్కూచున్నాడు. సంస్థంటే కూచునే ఉండాలి కదా. గౌరీసు తుండుతో విసురుతున్నాడు. అలా కూచుని సంస్థ గొంతెత్తి అరిచింది.

"బెల్లం నాలుగొందలు! మూడొందల యాభై! మూడొందలు! ఇంకా పడిపోద్ది! బూడిదైపోద్ది!"

అన్నయ్య నోటంట వచ్చింది అబద్ధమెందుకవుద్ది? సన్నిబాబు నెత్తి బాదుకున్నాడు. "అయ్యబాబోయ్, వదిన చంపేస్తాది!" అని పరుగెత్తుకెళ్ళి షావుకారు కాళ్ళు పట్టుకున్నాడు. "బాబూ, మూడొందలకైనా తీసీసుకో! బూడిదైపోకముందే తీసీసుకో!"

షావుకారుకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. వద్దన్నాడు. వద్దనేకొద్దీ సన్నిబాబు ఇంకా హడలిపోయేడు. చివరికి షావుకారు పద్దెనిమిది వేలు లెక్కపెట్టి వాడి చేతిలో పెట్టేడు.

అంతే, సంస్థ డబ్బా మీంచి లేచింది. "చిన్నోడు బెదిరి అమ్మీసేడు! ఇప్పుడు కొనాలి!" అని నూకినాయుడు సన్నిబాబు చేతిలో డబ్బు లాక్కుని షావుకారు దగ్గరికొచ్చి, "నీ దగ్గరున్న ఆ అరవై దిమ్మల బెల్లం ఎంత?" అన్నాడు.

"ఇందాక నేనన్న ధరే. నాలుగొందల యాభై."

"చూసేరా, ఎలా లేచిందో!" అని పొంగిపోయి మొత్తం డబ్బు చేతిలో పెట్టీసేడు. నలభై దిమ్మలొచ్చేయి.

గౌరీసు రెండుసార్లు లెక్కపెట్టేడు. "బావా, ఇరవై తక్కువున్నాయి."

"అవి పిరికి దిమ్మలు. బెదిరి పోయేయి. నిలబడ్డ నలభైకీ ధర చూడు, దిమ్మ నాలుగొందల యాభై! మనం రాకముందు వీటికి ధరే లేదు."

అప్పటికి షావుకారు కడుపు పట్టుకుని కూలబడిపోయేడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాక మనసు కరిగింది. యార్డు పక్కనే వాళ్ళ తమ్ముడిది ఇనప సామాన్ల కొట్టు. "నాయుడూ, నీకు దండం పెడతాను. ఇంక అమ్మకు, కొనకు. ఆ నలభై దిమ్మలూ మాకిచ్చీ, పద్దెనిమిది వేల పెనం పట్టుకుని ఇంటికి పో" అని హమాలీల చేత పెనం బండెక్కించేడు. ఎంత పెనం! అందులో ముగ్గురు మనుషులు పడుకుని దొర్లొచ్చు.

ఎద్దుల్ని తోలుకుంటూ నూకినాయుడు హుషారుగా ఉన్నాడు. సగం దారిలో ఏదో గుర్తొచ్చి ఎద్దుల్ని ఆపేడు.

"వొరే, ఒక పని మరిచిపోయేం. మాస్టారు బల్ల గుద్ది మరీ చెప్పేడు. ఏదైనా చేతిలోకి రాగానే దాన్ని ఎక్కడ వదిలీయాలో ముందే గుర్తు పెట్టుకోవాలంట. ఆ చోటు వచ్చిందా, మనసు రాయి చేసుకుని వదిలీయడమే. స్టాప్ లాసంటారు. అది పెట్టుకోనోడు కట్టుబట్టలతో పోతాడంట."

ముగ్గురూ ఒంటి మీది బట్టలు చూసుకున్నారు. భయమేసింది.

"ఎక్కడ పెడదాం బావా?"

"ఎదురుగా కనపడతన్న ఆ కాలవ వంతెన దగ్గర పెడదాం."

వంతెన రానే వచ్చింది. సన్నిబాబు పెనాన్ని వాటేసుకుని, "ఇంకో నాలుగడుగులు చూద్దాం అన్నియ్యా, కొత్త పెనం!" అని ఏడ్చేడు.

"అదిగో, అలా ఆశపడే అందరూ మునిగిపోయేరని మాస్టారు చెప్పలేదేటి?" అన్నాడు నూకినాయుడు. వాడి కళ్ళలోనూ నీళ్ళు తిరుగుతున్నాయి. పైనించి పడేస్తే సొట్టపడి నష్టమొస్తుందని, తాళ్ళు కట్టి ముగ్గురూ బలంగా పట్టుకుని, పసిపిల్లని ఉయ్యాల్లో వేసినట్టు పెనాన్ని మెల్లిగా కాలవలోకి దించేరు. తాళ్ళు వదిలీసేరు.

పొద్దువాలేసరికి ముగ్గురూ వెనక్కి వెనక్కి నడుచుకుంటూ, వీపులు చూపించుకుంటూ పాక దగ్గరికొచ్చేరు. పైడమ్మకి సంగతి అర్థమైపోయింది. చెరుగ్గడ అందుకుంది.

"పెనమేది?"

"సరిగ్గా పెట్టిన గుర్తు దగ్గరే వదిలీసేనే! ఒక్క అడుగు కూడా దాటలేదు" అన్నాడు నూకినాయుడు గోడకి చెప్తున్నట్టు. "దాటుంటే ఎంత నష్టమొచ్చునో!"

"బెల్లమేది?"

"పిరికివి కొన్ని పోయేయి. ధైర్యమున్నవి పెనానికి పోయేయి."

పైడమ్మ నేల మీద చతికిలబడి, "చెరుకు పులిసిపోతాది నాయనో! ఏడాదంతా ఏం తింటాం నాయనో!" అని గొల్లుమంది. అప్పుడు మొదటిసారి నూకినాయుడికి పాఠంలో ఏదో తేడా వచ్చిందేమోనని ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం అనిపించింది.

వాళ్ళ పాక కూడా ఆ కాలవ గట్టు మీదే, వంతెనకి దిగువన. ఏడుస్తున్న పైడమ్మ తలెత్తి చూస్తే, కాలవలో ఎగువనించి నల్లగా, గుండ్రంగా, ఊగుకుంటూ పెనం వస్తంది! చిన్న చుక్క నీరైనా లోపలికి రాలేదు. తిన్నగా వాళ్ళ రేవుకే వచ్చి గట్టుకి తగిలి ఆగింది.

"నా తల్లే!" అని పైడమ్మ మోకాలి లోతు నీళ్ళలోకి దిగి అంచు పట్టుకోబోయింది.

"ఆగవే! ముట్టుకోకు!" అని నూకినాయుడు గడకర్ర పట్టుకుని గెంతేడు. వాడి ముఖం మళ్ళీ వెలిగిపోతంది. "మొదటిసారి వచ్చినదాన్ని నమ్మకూడదు. ఊరికే ఆశపెట్టి పోతాది. ఒకసారి వెనక్కెళ్ళి, మళ్ళీ వచ్చి తగిల్తేనే నిజంగా వచ్చినట్టు. రీటెస్టంటారు!" అని గడకర్రతో పెనాన్ని ఒక్క తోపు తోసేడు. అది గిర్రున తిరిగి నడికాలవలో పడి, వాలు పట్టుకుని దిగువకి సాగిపోయింది.

నలుగురూ గట్టు మీద వరసగా కూచుని, దిగువకి పోతున్న పెనాన్నే చూస్తున్నారు. కాసేపటికి పైడమ్మ ముక్కు చీదుకుని మొగుడి నెత్తిన ఒక్కటిచ్చింది.

"మీకు బుద్ధుందా? అటేటి చూస్తారు? అది ఇందాక వచ్చింది పైనించి కదా! ఇటు తిరగండి!"

"నీ తెలివే తెలివే పైడమ్మా" అన్నాడు నూకినాయుడు. నలుగురూ దిగువకి వీపులు పెట్టి, ఎగువకేసి కళ్ళు చికిలించుకుని కూచున్నారు.